తాళం మనదే.. తాళంచెవి ఎవరి దగ్గరున్నది?

కంప్యూటర్ మొరాయిస్తే మన ఊర్లల్ల చెప్పే మందు ఒక్కటే. "ఫార్మాట్ కొట్టు, కొత్త విండోస్ ఎక్కియ్యి." పెన్ డ్రైవ్‌ల విండోస్ పెట్టుకొని తిరిగే పోరడు ఊరికొకడు ఉంటడు. ముస్తాబాద్‌ల నేను గూడ అసొంటోన్నే. దోస్తులయి, చుట్టాలయి కలిపి ఎన్ని లాప్‌టాప్‌లకు విండోస్ ఎక్కిచ్చిన్నో లెక్క లేదు. ఆ పని నాకు కొట్టినపిండి అనుకున్న. గట్ల అనుకునే 2020ల మా బాపు పన్నెండేండ్ల కష్టానికి సాక్ష్యంగ ఉన్న కాయితాలను ఆగం చేయబోయిన. ఎట్ల ఆగమైతుండె, ఎట్ల దొరికినయ్, మీకు గట్ల కాకుండ ఏం చెయ్యాలె అన్నది చెప్తా. జర నిమ్మలంగ చదువుండ్రి.

బాపు షార్జాల పని చేసెటోడు. కరోనా లాక్‌డౌన్‌ల కంపెనీ పని బంద్ పెట్టింది. వందే భారత్ విమానాలు షురూ అయినంక బాపు ఇంటికొచ్చిండు. ఐదు నెలల జీతం రాలే. పన్నెండేండ్ల సర్వీస్ లెక్క తేల్చలే. ఫోన్ చేస్తే ఎవ్వరు ఎత్తుతలేరు. సిరిసిల్ల, జగిత్యాల, కోరుట్ల దిక్కు అప్పట్ల గిట్ల వాపస్ వచ్చినోళ్లు ఎంతమందో మీకు ఎరుకే. ఫిర్యాదు పెట్టాలంటె కాగితం గావాలె. అగ్రిమెంట్, జీతం చిట్టీలు, లేబర్ కార్డు, వీసా కాపీలు. అసలువి కొన్ని కంపెనీ రూముల్నే ఉండిపోయినయ్. కానీ బాపు ఏండ్ల సంది వాట్సాప్‌ల పంపిన ఫొటోలన్నీ నేను లాప్‌టాప్‌ల డి డ్రైవ్‌ల ఒక ఫోల్డర్‌ల దాచిపెట్టిన. పాస్‌పోర్ట్ నంబర్లు, బ్యాంకు నంబర్లు ఉన్నయ్ గదా అని ఆ ఫోల్డర్‌కు తాళం గూడ పెట్టిన. ప్రాపర్టీస్‌ల అడ్వాన్స్‌డ్ నొక్కితే "ఎన్‌క్రిప్ట్ కంటెంట్స్ టు సెక్యూర్ డేటా" అని ఒక డబ్బా ఉంటది. దాంట్ల టిక్కు పెట్టిన. అంతే. పాస్‌వర్డ్ అడగలే, ఏం అడగలే. ఫైళ్ల పేర్లు పచ్చరంగుకు మారినయ్. నేను ఖుషీ అయిన.

అది సికింద్రాబాద్‌ల కొన్న సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్. విండోస్ 7 ప్రొఫెషనల్ ఉండె. 2020 జనవరి 14 తోని విండోస్ 7కు అప్‌డేట్లు బంద్ అయినయ్. తమ్మునికి ఆన్‌లైన్ క్లాసులు షురూ అయినయ్, మీటింగ్ యాప్ సక్కగ నడుస్తలేదు. ఇగ విండోస్ 10 ఎక్కిచ్చిన. పాత పేరే పెట్టిన, పాత పాస్‌వర్డే పెట్టిన. తొమ్మిది రోజులైనంక బాపు "ఆ అగ్రిమెంట్ ప్రింట్ తియ్ బిడ్డా" అన్నడు. ఫోల్డర్ తెరిస్తే ఫైళ్లన్నీ ఉన్నయ్. ఒక్కో దానికి మూలకు చిన్న తాళంకప్ప గుర్తు. ఏది నొక్కినా "యాక్సెస్ డినైడ్". వీడియోలు చూసి ఓనర్ పేరు మార్చిన, పర్మిషన్లన్నీ ఇచ్చిన. అయినా తెరుచుకోలే. పెన్ డ్రైవ్‌లకు కాపీ గూడ అయితలేదు. బాపు పక్కనే కూసున్నడు. ఏం చెప్పాల్నో నాకు సమజ్ కాలే.

హైదరాబాద్‌ల కంప్యూటర్ల పని చేసే మా బావకు ఫోన్ చేసిన.

"సి డ్రైవ్ ఫార్మాట్ చేసినవా, లేకుంటె ఉన్నదాని మీదికెల్లే ఎక్కిచ్చినవా?"

"మీదికెల్లే ఎక్కిచ్చిన బావా."

"అయితె సి డ్రైవ్‌ల విండోస్ డాట్ ఓల్డ్ అని ఫోల్డర్ ఉన్నదా చూడు."

"ఉన్నది. జాగ సరిపోతలేదని ఇయ్యాల్నే డిలీట్ చేద్దామనుకున్న."

"ముట్టకు! నీ తాళంచెవి అండ్లనే ఉన్నది. లాప్‌టాప్ బంద్ చేసి నా దగ్గరికి పట్కరా."

ఆ ఫోల్డర్‌ను విండోస్ పది రోజులకు దానంతట అదే తీసేస్తది. నేను ఫోన్ చేసింది తొమ్మిదో రోజు.

అదే పేరు, అదే పాస్‌వర్డ్.. అయినా ఎందుకు రాలే?

మనం అనుకునేది ఏందంటె, కంప్యూటర్ మనల్ని పేరుతోని గుర్తుపడ్తదని. కాదు. విండోస్ ఎక్కిచ్చి కొత్త యూజర్‌ను చేసినప్పుడల్లా లోపట ఒక పొడుగు నంబర్ తయారైతది. మనకు ఆధార్ నంబర్ ఎట్లనో, కంప్యూటర్ల యూజర్‌కు అది గట్ల. ఒకే ఊర్లె ఒకే పేరున్నోళ్లు ఇద్దరుంటె ఆధార్ వేరే ఉంటది గదా. కొత్త విండోస్‌ల అదే పేరు పెట్టినా నంబర్ వేరే వస్తది. కంప్యూటర్ లెక్కల పాత మనిషి వేరు, కొత్త మనిషి వేరు.

ఇగ తాళం సంగతి. నేను టిక్కు పెట్టిన పద్ధతిని ఈఎఫ్‌ఎస్ అంటరు. విండోస్ 2000 సంది ఉన్నది. ప్రొఫెషనల్ అసొంటి రకాలల్ల ఉంటది, హోమ్ రకంల ఉండది. ఇది ఒక్కో ఫైలుకు ఒక్కో తాళంచెవి తయారు చేసి ఫైలును గుర్తుపట్టరాకుండ కలగాపులగం చేస్తది. మళ్ల ఆ చిన్న తాళంచెవులన్నిటిని మన పేరు మీదున్న ఒక పెద్ద తాళంచెవితోని మాత్రమే తీసేటట్టు కట్టేస్తది. ఆ పెద్ద తాళంచెవి సి డ్రైవ్‌ల, మన యూజర్ ఫోల్డర్ లోపట దాగి ఉంటది. దానికి గూడ మన లాగిన్ పాస్‌వర్డ్‌తోని ఇంకో తాళం ఉంటది. అందుకే మనల్ని మళ్ల పాస్‌వర్డ్ అడగది. లాగిన్ అయితే సాలు, తలుపులన్నీ తెరిచే ఉంటయ్. సౌలత్ అదే, గండం గూడ అదే. సామాను డి డ్రైవ్‌ల, తాళంచెవి సి డ్రైవ్‌ల. మనం సి డ్రైవ్ కడిగేసి "డి డ్రైవ్‌ల అన్నీ భద్రంగనే ఉన్నయ్" అనుకుంటం. పాత ఇల్లు కూలగొట్టి కొత్త ఇల్లు కట్టి, బీరువా మాత్రం భద్రంగ పక్కకు పెట్టి, బీరువా తాళంచెవిని పాత గోడ గూట్లనే మర్చిపోయినట్టు.

బావ ఫస్టు హార్డ్ డిస్కు మొత్తాన్ని ఇంకో డిస్కులకు ఉన్నదున్నట్టు కాపీ తీసిండు. అసలు దాన్ని పక్కన పెట్టి కాపీ మీదనే పని చేసిండు. విండోస్ డాట్ ఓల్డ్‌ల యూజర్స్, దాంట్ల నా పాత పేరు, దాంట్ల యాప్‌డేటా, రోమింగ్, మైక్రోసాఫ్ట్.. గిట్ల లోపటికి పోతే మూడు ఫోల్డర్లు ఉన్నయ్. క్రిప్టో, ప్రొటెక్ట్, సిస్టమ్ సర్టిఫికెట్స్. తాళంచెవి ఒక దాంట్ల, దాన్ని కాపాడే గొలుసు ఇంకో దాంట్ల, ఎవరిదో చెప్పే సర్టిఫికెట్ మరో దాంట్ల. ఈ మూడు, దాంతోపాటు పాత లాగిన్ పాస్‌వర్డ్ ఉంటె తాళంచెవిని మళ్ల నిలబెట్టే సాఫ్ట్‌వేర్లు ఉన్నయ్. పాస్‌వర్డ్ నాకు యాదున్నది. రాత్రి వరకు ఒక్కో ఫైలు తెరుచుకున్నది. బాపు అగ్రిమెంట్ మొదటి పేజీ స్క్రీన్ మీద కనవడ్డప్పుడు నాకు పాణం లేచొచ్చినట్టయింది.

ఆ కాయితాలు పెట్టి విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌ల ఫిర్యాదు పెట్టినం. బాకీ వసూలు చేసుడు ఎంత తిప్పలనో గల్ఫ్ పోయొచ్చిన ఇండ్లల్ల అందరికి తెలుసు, అది వేరే కథ. కానీ కాగితమే లేకుంటె ఫిర్యాదుకు బలమే లేదు.

తాళాలు మూడు రకాలు

ఫైలు తెరుచుకోకుంటె అన్నీ ఒక్క తీరు అనుకోవద్దు. ముందుగాల ఏ తాళమో తెల్వాలె.

మొదటిది పర్మిషన్ తాళం. ఇది నిజానికి తాళం కాదు, గేటు కాడ నిలబడ్డ వాచ్‌మెన్. పాత విండోస్‌ల యూజర్ పేరు మీదున్న ఫోల్డర్‌ను కొత్త యూజర్ తెరిస్తే "మీకు అనుమతి లేదు" అంటడు. లోపటి సామాన్లకు ఏం కాలే. ఫోల్డర్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, సెక్యూరిటీ, అడ్వాన్స్‌డ్ పొయ్యి ఓనర్ కాడ 'చేంజ్' నొక్కి మన పేరు పెట్టాలె. లోపటి ఫోల్డర్లకు గూడ వర్తించే డబ్బాల టిక్కు పెట్టి, తర్వాత మన పేరుకు ఫుల్ కంట్రోల్ ఇయ్యాలె. పని అయిపోతది. అయితె ఇది మన ఫొటోలు, డాక్యుమెంట్ల ఫోల్డర్‌కే చెయ్యిండ్రి. మొత్తం సి డ్రైవ్‌కు చేస్తే విండోసే ఖరాబ్ అయితది. విండోస్ ఎక్కిచ్చినంక వచ్చే "లాక్" గొడవలల్ల నేను చూసినంతల ఎక్కువ ఇదే రకం. అందుకే ఆగమాగం కావొద్దు.

రెండోది నాకు జరిగిన ఈఎఫ్‌ఎస్ తాళం. గుర్తు ఏందంటె ఫైలు మీద తాళంకప్ప బొమ్మ గానీ, పేరు పచ్చరంగుల గానీ ఉంటది. ఓనర్ పేరు మార్చినా తెరుచుకోదు. పాత తాళంచెవి దొరికితేనే తెరుచుకుంటది. ఇంకో సంగతి గూడ యాదుంచుకోండ్రి. లాగిన్ పాస్‌వర్డ్ మర్చిపోయినమని కొందరు పెన్ డ్రైవ్‌తోని దాన్ని "బ్రేక్" చేపిస్తరు. గట్ల బయటికెల్లి పాస్‌వర్డ్ మారిస్తే విండోస్ తీయకున్నా ఈ ఫైళ్లు మూసుకపోతయ్. ఎందుకంటె తాళంచెవికి కాపలా ఉన్నది పాత పాస్‌వర్డే.

మూడోది బిట్‌లాకర్. ఇది ఫైలుకు కాదు, డ్రైవ్ మొత్తానికే తాళం. విండోస్ విస్టాతోని వచ్చింది. హోమ్ రకంల దీన్నే 'డివైస్ ఎన్‌క్రిప్షన్' అంటరు. డ్రైవ్ బొమ్మ మీదనే తాళంకప్ప ఉంటది. తెరిస్తే 48 అంకెల రికవరీ కీ అడుగుతది. ఆరేసి అంకెల ముక్కలు ఎనిమిది. ఒక్కో ముక్క 11తోని నిశ్శేషంగ భాగహారం అయితది. రాసుకున్న కాగితంల ఒక అంకె తప్పుపోయిందని అనుమానం వస్తే ఏ ముక్కల తప్పున్నదో ఆ లెక్కతోని పట్టుకోవచ్చు. కానీ మొత్తం కీ లేకుంటె ఊహించి కొట్టుడు కుదరది. ఆ కీల 128 బిట్ల రహస్యం ఉంటది. అంటె 34 పక్కన 37 సున్నాలు పెడితే ఎంతనో దగ్గరదగ్గర అన్ని రకాల కీలు ఉండొచ్చన్నట్టు. కంప్యూటర్లన్నీ కలిసి కూసున్నా తేలది.

గీ మూడింటి తోని సంబంధం లేనిది ఇంకోటున్నది. ఫైళ్ల పేర్ల వెనక కొత్త తోకలు వచ్చి, పైసలు కట్టమని చిట్టీ కనిపిస్తే అది ర్యాన్సమ్‌వేర్. 2017 మే నెలల వన్నాక్రై వచ్చినప్పుడు ఆంధ్రప్రదేశ్‌ల పోలీస్ స్టేషన్ల కంప్యూటర్లకు గూడ తగిలింది. దానికి కొత్త విండోస్ మందు కాదు. పైసలు కట్టకుండ, ఫైళ్లు డిలీట్ చెయ్యకుండ, 'నో మోర్ ర్యాన్సమ్' సైటుల ఆ రకానికి విరుగుడు ఉన్నదేమో చూడాలె. 1930 నంబర్‌కు ఫోన్ చెయ్యాలె.

అసలు గొడవ ఎక్కడున్నది?

మా దోస్తు ఒకడున్నడు. వాళ్లింట్ల సాంచెలు నడుపుతరు. డిగ్రీల చేరినప్పుడు కొత్త లాప్‌టాప్ కొన్నరు. కొన్నకాడ అమ్మినాయననే మెయిల్ ఐడీ, మైక్రోసాఫ్ట్ ఖాతా చేసిచ్చిండు. పాస్‌వర్డ్ ఏందో దోస్తుకు చెప్పలే, వీడు అడగలే. ఇచ్చిన సిమ్ నంబర్ రీచార్జ్ చెయ్యక పోయింది. మొన్న లాప్‌టాప్ స్లో అయిందని సి డ్రైవ్ తీసేసి కొత్త విండోస్ ఎక్కిచ్చిండు. డి డ్రైవ్‌ల అక్క పెండ్లి ఫొటోలు, పోయిన నాయినమ్మ వీడియోలు ఉన్నయ్. ఇన్నొద్దులు డి డ్రైవ్ అడగకుండ తెరుచుకున్నదంటె దాని కీ సి డ్రైవ్‌ల దాగి ఉన్నందుకే. సి పోంగనే 48 అంకెలు అడిగింది. "నేనెన్నడు తాళం పెట్టలే గదన్నా" అంటడు. నిజమే, వాడు పెట్టలే. ఖాతాతోని లాగిన్ అయినప్పుడే లాప్‌టాప్ పెట్టుకున్నది. కీ ఆ ఖాతాల భద్రంగ ఉన్నది. ఖాతా తెరిచేటందుకు పాస్‌వర్డ్ లేదు, ఓటీపీ వచ్చే సిమ్ లేదు. కీ లేకుంటె కంపెనీ గూడ తీసియ్యలేదు. ఆ ఫొటోలు ఇప్పటికీ డిస్కుల ఉన్నయ్. చూసే తొవ్వ లేదు.

నేను చెప్పదలుచుకున్నది ఇదే. తాళం తప్పు కాదు. లాప్‌టాప్ బస్సుల పోయినా, ఎవడన్నా ఎత్తుకపోయినా మన బ్యాంకు కాగితం, ఇంటి ఆడోళ్ల ఫొటో వానికి దొరకొద్దంటె తాళం ఉండాల్సిందే. కానీ పట్నంల ఖాతా ఎవరిది వాళ్లు చేసుకుంటరు. మన దిక్కు షాపాయననో, నెట్ సెంటర్ అన్ననో, నా అసొంటోడో చేసిస్తడు. పాస్‌వర్డ్ వానికే తెలుసు. సిమ్ మనం మారుస్తం. ఇంతకుముందు గట్ల నడిచింది, ఎందుకంటె డిస్కుకు తాళం లేకుండె. ఇప్పుడు 2024ల వచ్చిన విండోస్ 11, 24హెచ్2 సంది కొత్తగ ఎక్కిచ్చి మైక్రోసాఫ్ట్ ఖాతాతోని లాగిన్ అయితే చానా లాప్‌టాప్‌లల్ల తాళం దానంతట అదే పడ్తది. 2025 అక్టోబర్ 14 తోని విండోస్ 10కు మామూలు సపోర్ట్ అయిపోయింది. అంటె ఊరూరికి విండోస్ 11 ఎక్కిచ్చుడు నడుస్తున్నది. తాళం పడ్తున్నదని, కీ ఫలానా కాడ ఉంటదని మన భాషల చెప్పెటోడు లేడు. ఇది వినెటోళ్ల తప్పు కాదు, చెప్పాల్సినోళ్ల తప్పు. నన్ను గూడ కలిపే అంటున్న.

విండోస్ ఎక్కిచ్చే ముందు

ఒకటి, ఖాతా ఎవరి పేరు మీదున్నదో చూడుండ్రి. సెట్టింగ్స్‌ల అకౌంట్స్ తెరిస్తే మెయిల్ ఐడీ కనిపిస్తది. దాని పాస్‌వర్డ్ మీకే తెల్వాలె, ఫోన్ నంబర్ ఇప్పుడు నడిచేది ఉండాలె.

రెండు, సెట్టింగ్స్‌ల 'డివైస్ ఎన్‌క్రిప్షన్' అని, లేకుంటె కంట్రోల్ ప్యానెల్‌ల 'బిట్‌లాకర్' అని వెతుకుండ్రి. ఆన్ ఉంటె మైక్రోసాఫ్ట్ ఖాతాల డివైసెస్ కాడికి పొయ్యి 48 అంకెల కీ కాగితం మీద రాసుకోండ్రి. ఆ కాగితం లాప్‌టాప్ బ్యాగుల కాదు, పట్టాపాస్‌బుక్ పెట్టేకాడ పెట్టుండ్రి.

మూడు, తాళంకప్ప గుర్తున్న ఫైళ్లు ఉంటె పాత విండోస్ నడుస్తున్నప్పుడే టిక్కు తీసెయ్యిండ్రి. లేకుంటె స్టార్ట్‌ల 'మేనేజ్ ఫైల్ ఎన్‌క్రిప్షన్ సర్టిఫికెట్స్' అని కొట్టి తాళంచెవిని పెన్ డ్రైవ్‌లకు బ్యాకప్ తీసుకోండ్రి. నేను ఆ పని చేసి ఉంటె ఐదు నిమిషాలల్ల అయిపోవు.

నాలుగు, డి డ్రైవ్‌ల పెట్టుడు బ్యాకప్ కాదు. అదే డిస్కు, అదే తాళం. వేరే డిస్కులకు కాపీ తీసి, ఆ కాపీని ఇంకో కంప్యూటర్ల తెరిచి చూసినంకనే ఫార్మాట్ మాట ఎత్తుండ్రి.

ఇప్పటికే ఎక్కిచ్చి ఇరుక్కుంటె మళ్లొక్కసారి ఫార్మాట్ కొట్టకుండ్రి. డిస్క్ క్లీనప్ చెయ్యకుండ్రి. లాప్‌టాప్ బంద్ పెట్టుండ్రి. విండోస్ డాట్ ఓల్డ్ ఉంటె అది బంగారం. అది పోయినా పాత హార్డ్ డిస్కు అయితే, కొత్త సామాను దాని మీద పడకుంటె తాళంచెవి ముక్కలు ఏరుకునే ఆశ కొంచమన్న ఉంటది. ఎస్‌ఎస్‌డీ అయితే ఖాళీ చేసిన జాగను అదే తుడిచేస్తది, ఆశ తక్కువ. "తాళంచెవి లేకున్నా నూటికి నూరు గ్యారంటీ, ముందు పైసలియ్యి" అన్నోన్ని నమ్మొద్దు. డిలీటైన ఫైలును తెచ్చే సాఫ్ట్‌వేర్ వేరు, తాళం పడ్డ ఫైలును తెరుచుడు వేరు. ఏది మళ్ల తెచ్చుకోవచ్చో గూడ సోంచాయించుండ్రి. మెమోలు డిజిలాకర్‌ల, కులం, ఆదాయం సర్టిఫికెట్లు మీసేవల, భూమి వివరాలు భూభారతిల మళ్ల దొరుకుతయ్. దొరకనియి బాపు అగ్రిమెంట్, నాయినమ్మ వీడియో అసొంటియి. ముందుగాల భద్రం చెయ్యాల్సింది వాటిని.

నా అసొంటి "ఫార్మాట్ పోరగాండ్ల"కు ఒక్క మాట. ఇగ నుంచి లాప్‌టాప్ చేతిల పెట్టంగనే పెన్ డ్రైవ్ గుచ్చకుండ్రి. "ఖాతా ఎవరిది, కీ యాడున్నది?" అని అడుగుండ్రి. ఖాతా మీరు చేసిస్తే పాస్‌వర్డ్ వాళ్లతోనే కొట్టియ్యిండ్రి, కీ కాగితం మీద రాసి వాళ్ల చేతిల పెట్టుండ్రి. నేను గిప్పుడు గట్లనే చేస్తున్న. ఆ కాగితం లేకుండ విండోస్ ఎక్కియ్యమంటె, మా చుట్టమైనా సరే, ఎక్కిస్తలేను.